నువ్వు కట్టిన రెండో కేబుల్

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సమాధికి బంతిపూలు తీసుకెళ్తుంటే చీపురుపల్లి దాటగానే నీ బండి క్లచ్ కేబుల్ తెగింది. ఇన్సూరెన్స్ కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, గంటన్నరకి ఒక మెకానిక్ వచ్చాడు.

"ఈ పాత బండి కేబుల్ నా దగ్గర లేదమ్మా, ఊళ్లోకెళ్లి తేవాల," అంటూనే ట్యాంకు కింద తడిమి ఆగిపోయాడు. "ఇదేటమ్మా! తెగినదాని పక్కనే కొత్తది కట్టీసి ఉన్నాది. ఎవులు కట్టారు?"

"మా ఆయన. సాలూరు లారీలు తోలేవాడు. స్పేరు లేకుండా బండి తీసేవాడు కాదు."

నువ్వు దాన్ని నల్ల టేపుతో చుడుతున్న రోజు నేను నవ్వాను. "తెగకముందే ఇదేటి పిచ్చి బావా?"

"తెగిన రోజు నీ పక్కన నేనుంటానేటే?" అన్నావు.

మెకానిక్ పది నిమిషాల్లో కొత్తది తగిలించి వెళ్లిపోయాడు. పూలు వాడుతున్నా నేను వెనక్కి తిరిగి, చీపురుపల్లిలో ఇంకో కేబుల్ కొన్నాను. షాపు ముందే కూర్చుని, నువ్వు కట్టినదాని పక్కన టేపుతో నేనే చుట్టాను. నీ అంత నున్నగా రాలేదు.

సోమవారం నుంచి మన పాప కాలేజీకి ఈ బండి మీదే వెళ్తుంది. తెగిన రోజు దాని పక్కన నేనుంటానేటి, బావా?