మూడో స్లైడు

జైనబూ,

ఎట్లున్నావని అడగను. నువ్వు వెళ్లిపోయి ఏడు నెలలు. మీ సమాధుల దగ్గరికి ఆడవాళ్లు రాకూడదన్నారు, అందుకే ఈ ఉత్తరం. కడుపులో ఉన్నది కక్కకుండా నేను ఊరుకోగలనా? నా సంగతి నీకు తెలియనిదా...

మొన్న ఆదివారం కుప్పం పోయాను, మీ అమ్మ దగ్గరికి. మా శానిటోరియంలో మూలపడ్డ పాత మైక్రోస్కోపును డాక్టరుగారిని బతిమాలి తీసుకున్నాను. మదనపల్లెలో బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి, దాని పెట్టెను ఒళ్లోనే పెట్టుకున్నాను. కండక్టరు హార్మోనియం అనుకొని ఒక పాట పాడమన్నాడు! పుంగనూరులో బస్సు ఆగింది. నువ్వు పాఠాలు చెప్పిన బడివైపు తల తిప్పలేకపోయాను.

మద్రాసులో, మన ఆడపిల్లల కాలేజీలో, మొదటి ప్రాక్టికల్ గుర్తుందా? ఎర్రగడ్డ పొర, పుస్తకంలో ఉల్లిపొర అని ఉండేది. నాకేమో మైక్రోస్కోపులో నల్లటి గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. భయపడి, పుస్తకంలో బొమ్మను చక్కగా దించేశాను. నువ్వు ఆ కాగితాన్ని పర్రున చింపేశావు. "పుస్తకంలో ఉండేది పుస్తకంలోనే ఉండాది కదే! నీకు కనపడిందే గియ్యి" అన్నావు. ఆ గీతలు నా కనురెప్ప వెంట్రుకలేనని తెలిశాక ఎంత నవ్వావే, రాక్షసీ!

మగపిల్లలున్న చోటైతే ఆ గొట్టం దాకా మన వంతు వచ్చేదా? మన కాలేజీలో బెంచీలు మోసిందీ మనమే, మీటింగుల్లో పోట్లాడిందీ మనమే, తప్పు చేస్తే నిలబడి ఒప్పుకున్నదీ మనమే. కురబలకోటలో గొర్రెల వెనక తిరిగిన నన్ను ఈ శానిటోరియం ల్యాబులో కూర్చోబెట్టింది ఆ చదువే. రోగుల కఫం చూసి, క్షయ క్రిములు ఉన్నాయో లేవో రాసి, కింద నా పేరు పెట్టే ఉద్యోగం. పేరు పెట్టినప్పుడల్లా ఎంత మురిసిపోయేదాన్నో.

అక్కడికి నువ్వే వచ్చావు, రోగివై.

వరసగా మూడు స్లైడ్లలో క్రిములు లేకపోతే ఇంటికి పంపుతారు. మొదటిదాంట్లో లేవు. రెండోదాంట్లోనూ లేవు. ఇంక మీ అమ్మ దగ్గరున్న నీ బిడ్డ నూరీని ఎత్తుకోవచ్చని దానికి గౌను కుట్టడం మొదలుపెట్టావు. మూడోదాన్ని ఎన్నిసార్లు చూశానో... నీలం మధ్యలో ఎర్రగా, సన్నగా, రెండే రెండు. లేవని రాస్తే నన్ను అడిగేదెవరు? కలం "లే" దాకా పోయింది జైనబూ, దేవుడిమీద ఒట్టు. కొట్టేసి "ఉన్నాయి" అని రాశాను.

నీ మంచం దగ్గర నిలబడి ఏడిస్తే, నన్ను ఒక్క మాటైనా తిట్టలేదు నువ్వు. "కనపడిందే రాస్తివి కదా? మళ్ల యాల ఏడస్తాండావు? నా బిడ్డ ఈడికి దూరంగా ఉండాది, సాలు" అన్నావు. గౌను పూర్తిచేశావు. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు కదా, నీ చేత్తో తొడిగే భాగ్యం లేకపోయింది. అబద్ధం రాసుంటే ఒక్క నెలయినా దాన్ని గుండెకు హత్తుకొనేదానివి... ఆ మాటే నన్ను తినేస్తోంది. నన్ను నిజంగా క్షమించావా? నా ఏడుపు చూడలేక అన్నావా?

కుప్పంలో మీ అమ్మ వంటింట్లోంచి ఎర్రగడ్డ తెచ్చిచ్చింది. కిటికీ ఎండలో మైక్రోస్కోపు పెట్టి నూరీని పీట ఎక్కించాను. ఆ గౌనే వేసుకొని ఉంది, అప్పుడే పొట్టయిపోయింది. దగ్గు లేదు, జ్వరం లేదు, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. తర్వాత పలక మీద నాలుగు గీతలు గీసింది.

దాని కనురెప్ప వెంట్రుకలే జైనబూ. పొడుగ్గా, అచ్చం నీవే.

నేను నవ్వాలనుకున్నాను, నీ మాదిరిగా. నా వల్ల కాలేదు. ఆ పలక చెరపొద్దని మీ అమ్మకు చెప్పి వచ్చాను. నూరీని మన కాలేజీలో చేర్పించే పూచీ నాది. ఆ గీతలు ఎవరివో ఆ రోజు దానికి చెబుతాను.

నీ
నరసమ్మ