మేనరికం, ఓ గ్రూపు

రెంటచింతల, మంగళవారం

బాబుకి జ్వరమని రక్తపరీక్ష చేయిస్తే గ్రూపు ఓ అని వచ్చింది. అక్కది బి, బావది ఏబీ. ఆ చీటీ పట్టుకుని అక్కవాళ్ల అత్తగారు ఈరోజు మా వాకిట్లో కేకలేసింది.

"ఏబీ తండ్రికి ఓ బిడ్డ పుట్టడంటగా! ఏమే, ఎవరి రక్తమే ఇది?"

అక్క ఏడుస్తోంది. బావ చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. రక్తం బయటికి పోకూడదని, మా క్యాథలిక్కుల్లో మేనరికానికి కావాల్సిన బిషప్ గారి అనుమతి తెచ్చి మరీ అన్న కూతుర్ని కోడలిగా చేసుకున్నది ఈ అత్తే కదా!

ఏ అయినా బి అయినా రక్తంలో కనబడాలంటే ముందు హెచ్ అనే మూల పదార్థం ఉండాలి. అది తయారుచెయ్యని జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే బిడ్డ పరీక్షలో ఓ గ్రూపులాగే కనబడతాడు. ఒకే వంశంలో దాగిన జన్యువు మేనరికంలో జతపడటం తేలిక. బీఎస్సీలో చదివాను.

అదే చెప్పాను. "అత్తా, ముందు హెచ్ పరీక్ష చేయించాలి."

"హెచ్చా? ఏందే, కొత్త గ్రూపు కనిపెట్టావా?"

పక్కింటివాళ్లు నవ్వారు. అయినా రేపు అక్కనీ బాబునీ ఆ పరీక్షకి గుంటూరు తీసుకెళ్తున్నాను.

వెళ్తూ వెళ్తూ బావ గేటు దగ్గర ఆగి, మెల్లగా అడిగాడు. "పరీక్షలో అట్టా తేలకపోతే?"

అక్క నా వెనకే ఉంది. విన్నది.