రేడియో లేని ఇల్లు

అక్కా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. ఇంట్లో ఉండలేక నాన్న నన్ను అమలాపురం మ్యాట్నీకి తీసుకెళ్లాడు. ఏం సినిమానో ఆయనకీ తెలియదు.

తెరమీద, మతి చెదిరిన కూతుర్ని గదిలో పెట్టి గడియ వేశారు. ఆమె అరుపులు వీధిలోకి వినబడకుండా రేడియో పెద్దగా పెట్టారు. హాల్లో కొందరు ఈలలు వేశారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నాన్న వైపు చూడలేదు. చూస్తే అరిచేదాన్ని.

ఇంటికొచ్చే బండారులంక బస్సులో ఆ సినిమా మీద వాదన మొదలైంది.

"కన్నకూతురు ఏడుస్తుంటే రేడియో పెంచే తండ్రి ఉంటాడేంటండీ? అంతా కల్పన!" అని, అదే ఆట చూసొచ్చిన పక్కింటి భద్రయ్య మామయ్య మండిపడ్డాడు.

"పరువు కోసం ఎందుకు చెయ్యరండీ?" అంది వెనక సీట్లో ఒకావిడ.

మామయ్య నాన్న వైపు తిరిగాడు. "మీరు చెప్పండి బావగారూ, ఉంటారా?"

నాన్న చేతిలో టికెట్టు నలిగిపోయింది.

"ఆయ్, ఉంటారండీ," అన్నాడు. "మా ఇంట్లో రేడియో లేదు. మగ్గం ఉంది."

గడియ వేసిన గదిలోంచి నువ్వు తలుపు బాదినప్పుడల్లా నాన్న మగ్గం ఎంత జోరుగా ఆడించేవాడో నీకు తెలుసు. గోడకవతల ఆ మామయ్య, ఎంత కష్టపడతాడో మనిషి అని మెచ్చుకునేవాడు.

ఇవాళ పొద్దున నాన్న నేస్తూ నేస్తూ ఆగిపోయాడు. నీ గది తలుపు వైపే చెవి ఒగ్గి చూస్తున్నాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చప్పుడు చెయ్యకమ్మా," అన్నాడు.