రూపాయి బిళ్లంత ఫ్యాను

బామ్మర్ది గోవర్ధన్‌కు,

గద్వాల నుంచి మీ బావను రాస్తున్నాను. ఆశీస్సులు చివర్లో ఇస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

చీర అంచుల డిజైన్లు గీయడానికి ఒక కంప్యూటర్ కావాలంటే హైదరాబాదులో నువ్వే బిగించి పంపావు. అందులో ఆటలాడేవాళ్ల గ్రాఫిక్స్ కార్డు ఎందుకు పెట్టావయ్యా? మా హంసలు, మామిడి పిందెలు తుపాకులు పేలుస్తాయా?

ఆ కార్డు మీద రూపాయి బిళ్లంత ఫ్యాను. దాన్ని తయారుచేసిన మహానుభావుడు మా ఎండ చూసి ఉండడు. ఫ్యాను చిన్నదైతే ఎక్కువ తిరగాలి, ఎక్కువ తిరిగితే అరుస్తుంది. ఏడో తరగతి చదివిన నాకే తెలుసు. ఆన్ చేస్తే ఇంట్లో పిండిమర పెట్టినట్టే.

మా అమ్మాయి డిజైన్ గీస్తుంటే, అదే గదిలో మేం మగ్గం మీద ఉంటాం. మగ్గం ఆ చివర కూర్చుని అంచు దారపు నాడె విసిరేది మీ అక్క. నేను చెబితే విసురుతుంది, ఆగమంటే ఆగుతుంది. మొన్న నేను ఆగమన్నది ఆ మోతలో ఆమెకు వినబడలేదు. జానెడు అంచు తప్పు పడింది.

"ఏందే, చెవుడొచ్చిందా నీకు?" అని అరిచాను.

"ముందుగాల గా డబ్బా బంద్ జెయ్యి, ఎవరికి చెవుడో తెలుస్తది," అని లేచిపోయింది.

కార్డు పీకేశాను. అది లేకుండానే కంప్యూటర్ నడుస్తోంది, హంసలూ వస్తున్నాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాలుగు రోజులుగా మీ అక్క మగ్గం దగ్గర కూర్చుంటోంది గాని, నాతో పలకడం లేదు.

ఆ చప్పుడు నేనే ఆపుకున్నాను. ఈ నిశ్శబ్దాన్ని నువ్వొచ్చి బాగుచెయ్యి. ఆశీస్సులు అప్పుడే.