వాలులో మాత్రమే వచ్చే చప్పుడు

దుమ్ముగూడెం అవతల,
వాన తెరిపిచ్చిన సాయంత్రం

ప్రియమైన నాన్నకు,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే కళ్లద్దాలు వెతుక్కునేలోపు మరిచిపోతావు. అందుకే ఈ ఉత్తరం. ఖమ్మం బస్సు కండక్టర్ నాగక్కకు ఇస్తున్నాను, మన షెడ్డు దగ్గర దిగి నీ చేతిలోనే పెడతానంది.

నేను బాగానే ఉన్నాను, జీపే బాగా లేదు. వాగు దాటి గట్టు ఎక్కేటప్పుడు కింద నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. ఇసుర్రాయిలో గింజలు అయిపోయి రాయిని రాయి నూరుతున్నట్టుంది. తారు రోడ్డు ఎక్కగానే మాయం. భద్రాచలంలో తుల్సీరాం షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బండి కింద దూరి చాలాసేపు చూసి, "గేర్‌బాక్స్ దించాలె మేడం. సామాను దూరంకెళ్లి రావాలె. వానలు తగ్గేదాక బండి ఈడనే ఉంటది" అన్నాడు.

మా మిషన్ దవాఖానాకు వాగు దాటగలిగే బండి ఇదొక్కటే. దాన్ని నడిపేది నేనొక్కదాన్నే. అవతలి గూడెంలో జంపక్క కోడలు ముత్తమ్మకు నెలలు నిండుతున్నాయి. కాళ్లు ఉబ్బాయి, బీపీ ఎక్కువుంది, ఇంటి దగ్గర కాన్పు కుదరదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందే వచ్చి భద్రాచలంలో ఉండమంటే పెద్ద పిల్లను వదిలి రానంటోంది.

బండిని షెడ్డులో పెడితే ముత్తమ్మకు దిక్కు లేదు. పెట్టకుండా నడిపితే, వాగు నడుమ ఆగిపోతుందేమోనని భయం. చెవులు బాగున్న రోజుల్లో అయితే ఒక్కసారి విని చెప్పేసేవాడివి. ఏం చెయ్యమంటావు నాన్నా?

నీ బిడ్డ,
స్తుతి


ఖమ్మం

నా బంగారు స్తుతికి,

ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. షెడ్డులో పానాలతో ఆడుకుని పెరిగిన పిల్ల రాసే రాతేనా ఇది? గరగర అంటే నాకేం తెలుస్తుంది? ఆ చప్పుడు చక్రంతో పాటు జోరందుకుంటుందా, ఇంజనుతోనా? క్లచ్ తొక్కితే మారుతుందా? బ్రేకు వేస్తే? రాస్తున్నది చెవులు పోయినవాడికి. శబ్దాన్ని మాటల్లో పెట్టి పంపు.

నా అనుమానమంతా ముందు చక్రాల బేరింగుల మీదే. అస్తమానం వాగులో దిగే బండి కదా, నీళ్లు దూరి గ్రీజు కడుక్కుపోయి ఉంటుంది. జాకీ పెట్టి చక్రం లేపు. పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడిందంటే బేరింగే. ఆడకపోతే, పొడుగు స్క్రూడ్రైవరు మొన చక్రం నడిమధ్యలో ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, చక్రం తిప్పించు. చిన్నప్పుడు నేర్పాను, మరిచిపోలేదనుకుంటాను. బేరింగు బాగుంటే నూనె జారుతున్నట్టుంటుంది. చెడితే అన్నంలో ఇసుక నమిలినట్టుంటుంది.

తుల్సీరాం నాకు తెలుసు, మంచి పనివాడు. అయినా నేను మళ్లీ రాసేదాకా ఏదీ విప్పనివ్వకు.

నేను వేళకు తింటున్నాను. ఆదివారం గుడికి పోతున్నాను. పాటలు వినపడవు గానీ, బెంచీ మీద చెయ్యి పెడితే డోలక్ తెలుస్తోంది. అదే చాలనుకుంటున్నాను.

మరియ తల్లి నీ వెంటే ఉండాలని కోరుకునే
నాన్న అంతోనయ్య


దుమ్ముగూడెం అవతల

ప్రియమైన నాన్నకు,

తిట్లు అందాయి. నువ్వు చెప్పినట్టే చేశాను. ఏ చక్రమూ ఆడలేదు. స్క్రూడ్రైవరు పెట్టి అన్నీ విన్నాను, నూనె జారుతున్నట్టే ఉంది. అంటే బేరింగులు కావు.

క్లచ్ తొక్కినా చప్పుడు మారలేదు. ఇంజను ఆపి వాలులో ఊరికే జారనిచ్చాను, అప్పుడూ వచ్చింది. ఇంకో వింత చెప్తాను, నవ్వకు. గట్టు ఎక్కేటప్పుడు ఆ చప్పుడు ముందు నుంచి వెనక్కి పోతుంది. దిగేటప్పుడు వెనక నుంచి ముందుకొస్తుంది. బ్రేకు తొక్కి బండిని పూర్తిగా ఆపినా, ఒక్క క్షణం గరగరమని అప్పుడు ఊరుకుంటుంది. నా భ్రమేమో అనుకున్నాను. పక్కనున్న డాక్టరమ్మకూ వినపడింది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. బండి నడపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇట్లాంటిది చూడలేదు.

వెనక సీట్లో జంపక్క ఉంది. పేరుకు ఆమె ఆ గూడెం మంత్రసాని, ఇప్పుడు కాన్పులకు అందరినీ మా దగ్గరికే తోలుకొస్తుంది. "ఆ చప్పుడు నీకూ వినపడుతోందా?" అంటే, "అవ్, మంచిగనే వినపడుతున్నది" అని తన లోకంలో తాను కూర్చుంది. ముసలామెకేం తెలుసులే అని ఊరుకున్నాను.

మేనేజరు బండిని షెడ్డుకు పంపెయ్యమంటున్నాడు. మా నాన్న మాట రావాలని బతిమాలి ఆపాను. మబ్బు కమ్ముకొస్తోంది, ముత్తమ్మను చూస్తే భయంగా ఉంది. జల్దీ రాయి.

నీ
స్తుతి


ఖమ్మం

నా తల్లి స్తుతికి,

బండి ఆగాక కూడా చప్పుడు వచ్చిందన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎదురుగా పెట్టిన టీ చల్లారిపోయింది.

తిరిగే సామాను ఏదైనా చక్రం ఆగితే ఆగాల్సిందే. బేరింగైనా అంతే, గేరైనా అంతే, షాఫ్టైనా అంతే. ఆగాక పలికేది బండిలో భాగం కాదు. బండిలో ఎక్కి కూర్చున్నది ఏదో ఉంది. అది వాలు ఎటుంటే అటు పోతోంది. బండి అడుగున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయే బోలు సందు ఒక్క ఛాసిస్ దూలంలోనే ఉంటుంది. అందులో ఏం దూరిందో, ఎట్లా దూరిందో నాకు అంతుపట్టడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చెవులతో విని చెబుతున్న మాట కాదిది. కాగితం చూసి చెబుతున్నాను. నా లెక్క తప్పితే వాగు నడుమ ఉండేది నువ్వు, ఇంకొకరి బిడ్డ, పుట్టని ఇంకో బిడ్డ. అందుకే నన్ను నమ్మి దిగకు. బండిని వాలులో ఆపు, ఇంజను ఆపెయ్యి, చక్రాలకు ముందూ వెనకా బండలు పెట్టు. చక్రం వెంట్రుకంత కూడా కదలకూడదు. నలుగురిని పిలిచి వెనకభాగాన్ని ఎత్తి దించినట్టు ఊపించు. అప్పుడూ చప్పుడొస్తే గేర్‌బాక్సుకు ఏమీ కాలేదు, ధైర్యంగా వాగులో దిగు. రాకపోతే మాత్రం దిగొద్దు. ముత్తమ్మను మంచం మీద మోసుకొచ్చే ఏర్పాటు చెయ్యి.

నీ ఉత్తరం వచ్చేదాకా షెడ్డు తెరవను.

నాన్న


భద్రాచలం,
ఆస్పత్రి మెట్ల మీద నుంచి

ప్రియమైన నాన్నకు,

ముత్తమ్మకు ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ముందు ఇది చదివి, లేచి షెడ్డు తెరువు.

నీ ఉత్తరం అందిన మర్నాడే కబురొచ్చింది. ముత్తమ్మకు నొప్పులు, దానికి తోడు తల తిప్పుతోందట. పోయేటప్పుడు వాగు మోకాళ్ల లోతే కాబట్టి ఆగకుండా దాటేశాను. ఆమెను ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి నీళ్లు ఎర్రగా, కట్టెలు మోసుకుంటూ వస్తున్నాయి. ఇంకాసేపు ఆగితే దాటలేం. అయినా నీ మాట మీద గట్టు వాలులో బండి ఆపాను. ఇంజను కట్టేశాను. ముత్తమ్మను డాక్టరమ్మ దింపి కూర్చోబెట్టింది. గూడెం మగవాళ్లు చక్రాలకు బండలు పెట్టి వెనకభాగం పట్టుకుని ఊపారు.

వచ్చింది నాన్నా. చక్రం కదల్లేదు, గరగర మాత్రం వచ్చింది. ఇంతలో జంపక్క నా భుజం తట్టింది.

"గవి నేనేసినవే బిడ్డా."

వెనక మెట్టు కింద దూలానికి చెయ్యి దూరేంత బెజ్జం ఉంది, అది చూపించింది. "ఒక్కో పానం దాటినప్పుడల్లా వాగుల రాయి ఒకటి తీసి బండి కడుపుల ఏసిన. వాగు ఊకెనే దాటనియ్యది. తన రాయి బండిల ఉంటే, తన పిల్లనే మోసుకపోతున్నరనుకొని తొవ్వ ఇస్తది."

"నాకెందుకు చెప్పలేదు జంపక్కా?"

"నువ్వు గది చెడ్డ చప్పుడు అనుకుంటున్నవని నాకేమెరుక? మంచిగ వినపడుతున్నదని చెప్పిన గద."

ముత్తమ్మను మళ్లీ ఎక్కించుకున్నాం. నీళ్లలో దిగాను. బానెట్ దాకా వచ్చాయి. బండి ఒక్కసారి పక్కకు జరిగింది, మళ్లీ చక్రాలు నేలను పట్టుకున్నాయి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు రాళ్లన్నీ ముందు నుంచి వెనక్కి దొర్లాయి. భయపెట్టిన ఆ చప్పుడే చెవుల నిండా వినాలనిపించింది.

ఇక్కడికొచ్చాక బెజ్జంలో చెయ్యి పెట్టి కొన్ని బయటకు తీశాను. నున్నటి వాగు రాళ్లు, పిచ్చుక గుడ్డంత. చున్నీ పరిచి పోసుకుని కూర్చున్నాను. ఒక్కోటి ఒక్కో బిడ్డ. నేను దాటించి, మరుసటి పనిలో పడి మరిచిపోయిన బిడ్డలు. ఇంతమందిని నేనే దాటించానా అని చూస్తూ ఉండిపోయాను. ఒళ్లో బరువు తెలుస్తోంది.

వానలు తగ్గాక బండిని నీ దగ్గరికే తెస్తాను. వీటిని తీసెయ్యాలా, ఉంచాలా? నువ్వే చెప్పాలి.

నీ
స్తుతి


ఖమ్మం,
నువ్వు వెళ్లిపోయిన మరుసటి వారం

నా స్తుతికి,

నువ్వు బండి తోలుకుపోయాక షెడ్డు బోసిపోయింది. నీకు అప్పుడు చెప్పని సంగతులు ఇప్పుడు చెబుతాను.

నువ్వు బండిని ర్యాంపు ఎక్కించి దించుతుంటే, నేను స్క్రూడ్రైవరు మొన దూలానికి ఆనించి పిడిని పళ్ల మధ్య పట్టుకున్నాను చూడు, అది బండి కోసం కాదు, నాకోసం. చెవి వెనక ఎముక కూడా మొద్దుబారిపోయింది. పళ్లకు మాత్రం ఇంకా కొంత తెలుస్తుంది. రాళ్లు కదిలాయి. దవడలోకి, తలలోకి వచ్చాయి. విన్నానని అనలేను గానీ, ఎన్నాళ్లకో నా తలలో ఒక శబ్దం తిరిగింది. అదీ బతికిన పిల్లల శబ్దం. కళ్లలో దుమ్ము పడిందని నీకు అబద్ధం చెప్పాను.

పనివాడిగా చెప్పాలంటే వాటిని తీసెయ్యాలి. బురద పట్టి దూలం తుప్పు పడుతుంది. నా షెడ్డు నుంచి చప్పుడుతో బయటకెళ్లిన బండి ఒక్కటి లేదు. కానీ వీటిని దూరం చెయ్యబుద్ధి కాలేదు. నీళ్లు నిలవకుండా కింద సన్నటి బెజ్జాలు వేసి, లోపల రంగు కొట్టి, జంపక్క రాళ్లు జంపక్కవిగానే తిరిగి పోశాను. మీ మేనేజరుకు అంతా పరీక్ష చేశామని చెప్పు, అది నిజమే.

ఇంకొకటి. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు చేశాను. దాటిన ప్రతి ప్రాణానికీ జంపక్క ఒక రాయి వేసింది, సరే. ప్రతిసారీ అందరితో పాటు దాటిన నీకోసం వేసినవాళ్లు ఎవరూ లేరు. నా దగ్గర వాగు రాళ్లెక్కడివి? నాకు తెలిసింది ఇనుమే. పాత లారీ బేరింగులోంచి గోళీ ఒకటి తీసి, తుడిచి, ఆ బెజ్జంలో వేశాను. గుడిలో ఫాదర్‌కు మాత్రం చెప్పకు, ఈ వయసులో నాకు చీవాట్లెందుకు.

గట్టు ఎక్కేటప్పుడు ఈసారి చెవి పెట్టు. అన్ని రాళ్ల మధ్యా ఒకటి వేరుగా, సన్నగా పలుకుతుంది. అది ఎట్లా ఉందో మాటల్లో పెట్టి నాకు పంపు.

నీ రాక కోసం చూసే
నాన్న