కత్తెర పదునుగానే ఉంది

అల్ ఖౌద్,
1992 నవంబర్ 13, శుక్రవారం.

బాపుకు, అవ్వకు జితేందర్ చేతులెత్తి మొక్కి రాసేది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ మీరిద్దరూ, చెల్లె రజిత కులాసా అని మొన్న చేరిన ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

ముందు అవ్వ అడిగిన వాటికి జవాబు. ఎండలు తగ్గాయి అవ్వా. రూమ్‌లో ఆరుగురం ఉంటాం, వంట వంతులవారీగా చేసుకుంటాం. నా వంతు రోజు పప్పుచారు పెడితే కడప అఖీల్ భాయ్ రెండుసార్లు పోసుకుంటాడు. షేవింగ్ సబ్బుకు వేళ్ళ సందుల్లో పగిలిన చర్మం మానింది. కారంపొడి డబ్బా పగలకుండా చేరింది.

ఇక బాపూ, నీ మాట. పని చేసుకోమని పెద్దులు మామ కటింగ్ షాపుకు పంపితే ఆయన మీదికే లేస్తావా, కాళ్ళు పట్టుకొని మాఫీ అడుగు అని రజితతో రాయించావు. ఆయన తన ఇంటికి ఏం రాశాడో నాకు తెలియదు. జరిగింది నేను రాస్తాను. మొత్తం విన్నాక తిట్టు.

ఇక్కడ ఓటియెనో అని కెన్యా దేశస్థుడు ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసులు చెప్తాడు. నల్లటి మనిషి, వెంట్రుక వెంట్రుకా ఉంగరం తిరిగి ఒత్తుగా అల్లుకుపోయిన జుట్టు. ఇదివరకు రూవీ బజారులో, వాళ్ళ వైపు జాంజిబార్ నుంచి వచ్చిన ముసలి మంగలి ఒకాయన ఈయనకు క్షవరం చేసేవాడట. ఆ ముసలాయన ఎండాకాలంలో పోయాడు. ఆ తర్వాత ఈయన తల పట్టిన వాడు లేకపోయాడు. మా పక్క షాపులు రెండూ తిప్పి పంపాయి. మూడు నెలలు టోపీ పెట్టుకునే పాఠం చెప్పాడు, ఆ టోపీ తీయమని పిల్లలు వెనక బెంచీల్లోంచి కేకలు వేసినా.

సెప్టెంబర్ చివర ఒక మధ్యాహ్నం మా షాపులోకి వచ్చి టోపీ తీశాడు. పెద్దులు మామ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. "కత్తెర మొండిగుంది, నడవది" అని హిందీలో అని, తలుపు వైపు చెయ్యి చూపించాడు. ఓటియెనో టోపీ మళ్ళీ పెట్టుకుంటున్నాడు. నేను ఆగలేకపోయాను.

"మామా, పొద్దటి సంది గదే కత్తెరతోని పదకొండు మందికి కటింగ్ గొడ్తివి గదా" అన్నాను.

"నీకెందుకుర? గా నెత్తిల పెట్టిన దువ్వెన మా నెత్తికి పెట్టకు అంటరు గిరాకీలు."

"అన్నరా, నువ్వే అనుకున్నవా?"

"అనేదాక ఆగాల్నా? షాపు మూతవడితే నీ నాలుగాకుల పుస్తకాలు ఉడకబెట్టుకొని తింటవా? లీడర్ సాబు, ఆయనను కూసోబెడితే నువ్వు ఈడికెల్లి లేస్తవు చూడు."

కూర్చోబెట్టాను. అంతటితో ఊరుకోలేదు. మెడకు గుడ్డ కడుతూ, మనుషులంతా ఒకటేనని, ఎక్కువతక్కువలు కడుపునిండినవాళ్ళు రాసిన లెక్కలని, చదివింది చదివినట్టు హిందీలో అప్పజెప్పాను. వరుసలో కూర్చున్న వాళ్ళు పేపర్లు దించి చూశారు. మామ తువ్వాల నేలకేసి కొట్టి బయటికి వెళ్ళిపోయాడు. నేను మీదికి లేచింది అంతే. చెయ్యి ఎత్తలేదు, తల్లిని తిట్టలేదు.

ఇక్కడిదాకా మామకు తెలుసు. తర్వాత జరిగింది పూర్తిగా తెలియదు.

ఆ రోజు నువ్వు నేర్పిన పనంతా ఆయన మీద చూపించాను బాపూ. మన సన్నపళ్ళ దువ్వెన కుదుళ్ళలో గుచ్చి కొసల దాకా లాగాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డం ఒకసారి గీసి, సబ్బు మళ్ళీ పూసి, కింది నుంచి పైకి రెండోసారి గీశాను. ఎదురు కత్తి వేయనిది క్షవరమే కాదంటావు కదా. చెంప అద్దంలా వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడి నా పనితనం నేనే చూసుకున్నాను.

మూడో రోజు రొట్టెల దుకాణం దగ్గర కనబడ్డాడు. కాలరు గుండీ పెట్టుకోలేదు. మెడంతా కురుపులు, కొన్నింట్లో చీము. ఉంగరం తిరిగే వెంట్రుకను నున్నగా గీస్తే, కొస మళ్ళీ వంగి చర్మంలోకే గుచ్చుకుంటుందట. నాకేం తెలుసు? నా నోట్లోంచి ఏం వచ్చిందో రాయడానికి సిగ్గవుతోంది. "నీ చర్మమే అట్లాంటిది, నేనేం చేయను" అన్నాను.

ఆయన, "అందరికంటే ఎక్కువ ఉపన్యాసం నువ్వే ఇచ్చావు. ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. నీ జుట్టు ఎలా చేయాలి అని" అన్నాడు.

కోపంతో రూమ్‌కు వచ్చేశాను. నువ్వు వద్దన్నా సూట్‌కేసు అడుగున దాచి తెచ్చుకున్న పుస్తకాలు తీశాను. అన్నింట్లోనూ మనిషి ఉన్నాడు. మనిషి తల మీద జుట్టు ఒక్కదాంట్లోనూ లేదు. వాటిని చించలేదులే, సంతోషపడకు. అందులో రాసింది నిజమే. నేనే సగం చదివి లేచాను.

ఆ శుక్రవారం ఆయన ఉండే చోటు వెతుక్కుంటూ వెళ్ళి, నేర్పమని అడిగాను. నేర్పాడు. ముందు నీళ్ళు చిలకరించి నూనె పట్టించాలి. చిక్కు వేళ్ళతో విడదీయాలి. దూరం పళ్ళ దువ్వెన పట్టుకుని కొసల దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా కుదుళ్ళకు రావాలి. గడ్డానికి వాలు కత్తే, వెంట్రుక వాలిన వైపుకే గీయాలి, అదీ ఒక్కసారే, నూగు కొంచెం మిగలాలి. మన చేతికి ఇది ఎంత కష్టమో నీకు చెప్పనక్కరలేదు. నాలుగు శుక్రవారాలు పట్టింది. ఇప్పుడు ఆయన టోపీ లేకుండా క్లాసుకు వెళ్తున్నాడు. శుక్రవారాలు ఆయన స్నేహితులు ముగ్గురు కూడా నా చేత చేయించుకోవడానికి ఆయన దగ్గరికి వస్తున్నారు.

ఇది మామ చెవిన పడింది. బయట పని చేస్తున్నానని వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్పి ఇంటికి పంపిస్తానంటున్నాడు. మాఫీ అడిగి, శుక్రవారాలు మానేస్తే ఊరుకుంటాడట. నువ్వు రాసిందీ అదే.

బాపూ, ఇప్పటిదాకా రాయనిది ఒకటుంది. రజితా, ఇక్కడ బాపు చాలు, చదవడం ఆపమంటాడు. ఆపకు.

మామ తిప్పి పంపబోయిన రోజు ఓటియెనో మా షాపుకు రావడం రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు మామ భోజనానికి వెళ్ళాడు. నేనొక్కడినే ఉన్నాను, కుర్చీలో ఒక గిరాకీ ఉన్నాడు. "కత్తెర మొండిగా ఉంది" అన్నది నేను. ఎవరూ అనమనలేదు. ఆలోచించే అవసరం కూడా రాలేదు, అట్లా నోటికి వచ్చేసింది. పది రోజుల తర్వాత అదే మాట మామ నోట విని అంత మండింది అందుకే.

ఆ మాట ఎక్కడ నేర్చానో నీకు తెలుసు. పదో తరగతి పరీక్షకు ఫోటో దిగాలని మాదిగవాడ నుంచి భూమేశ్ నా వెంట మన ఇంటి ముందుకు వచ్చాడు. "కత్తెరకు సాన పట్టలేదు బిడ్డా, కోరుట్లకు పో" అన్నావు. వాడికి చేస్తే పటేళ్ళు తమ తల ముట్టనివ్వరు, కల్లం దగ్గర మన పనికి కొలిచే వడ్లు ఆగుతాయి. నిజమే, నేను కాదనను. కానీ ఆ పటేళ్ళ గడప లోపలికి నిన్నెప్పుడు రానిచ్చారు? నేను నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి నోరు తెరవలేదు. భూమేశ్ ఎండలో నడిచి వెళ్ళాడు. మర్నాడు బడిలో నేను వాడి పక్కనే కూర్చుని, మనుషులంతా ఒకటేనని పుస్తకం చదివి వినిపించాను.

పోయిన శుక్రవారం ఓటియెనోతో ఒప్పుకున్నాను, ఆయన మొదటిసారి వచ్చిన రోజు నా కత్తెర పదునుగానే ఉందని. "తెలుసు" అన్నాడు. "నాకు ఆ మాట చెప్తూనే కుర్చీలో ఉన్నాయనకు దాంతోనే కత్తిరిస్తున్నావు. చప్పుడు వింటూనే బయటికి నడిచాను."

ఆ చప్పుడు భూమేశ్ కూడా విని ఉంటాడు బాపూ. ఆ పొద్దు నువ్వు కూడా అరుగు మీద ఎవరికో చేస్తూనే ఉన్నావు.

మామకు మాఫీ చెప్పను. శుక్రవారాలు మానను. పంపిస్తే పంపించనీ. వచ్చిన నాడే భూమేశ్‌ను పిలుచుకొచ్చి మన అరుగు మీద కూర్చోబెట్టి గుడ్డ కడతాను. నీళ్ళ గిన్నె అందిస్తావో, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటావో ఇప్పుడే అనుకుని పెట్టుకో.

ఇట్లు,
నీ చేతి పని నేర్చిన కొడుకు,
జితేందర్