అరలో లేని నా పాదాలు

వదినగారికి నమస్కారాలు.

నా సంగతి మీ తమ్ముడు ఈపాటికే ఫోన్లో ఊదరగొట్టి ఉంటారు. నమ్మకండి. నడవమని చెప్పింది డాక్టరుగారే. వచ్చే ఆదివారం ముప్పై కిలోమీటర్ల చందాల నడక ఉంది. వచ్చిన డబ్బుతో నాకు మందు ఎక్కించిన క్యాన్సర్ వార్డుకి కొత్త కుర్చీలు కొంటారు. ఇప్పుడున్న వాటిలో పూటంతా కూర్చుంటే జబ్బు కంటే ముందు నడుమే ప్రాణం తీస్తుంది.

వీధంతా చందాలు రాసింది. మీ తమ్ముడు మాత్రం "లేచి నిలబడితే తూలిపోతావు, నీకు నడకా? బుద్ధుందా?" అని ఒకటే సణుగుడు. నేను వీధి చివరిదాకా వెళ్తే చాలు, దుకాణం వదిలేసి గొడుగు, నీళ్ళ సీసా పట్టుకుని వెనకాలే తయారు. మందుల షాపాయన ముసిముసిగా నవ్వుతుంటే తల కొట్టేసినట్టవుతోంది.

అసలు బాధ అది కాదు. మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? దుకాణంలో గోడ అర మీకు తెలుసుగా. బూట్లు కుట్టడానికి ఎవరి పాదానికి తగ్గట్టు వాళ్ళకి చెక్కిన కొయ్య అచ్చులు అక్కడుంటాయి. మనిషి పోతే ఆ జత దించేస్తారు. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి. పై వరసలో మొదటి జత నాది, పెళ్ళయిన ఏడు చెక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు చూస్తే అది లేదు. దుమ్ములో రెండు పాదాల గుర్తులే ఉన్నాయి. నేను బతికుండగానే దించేశారు వదినా! ఏమని అడగను? అందుకే నడుస్తాను. పంతానికి బజార్లో బూట్లు కూడా కొన్నాను. వాటిని చూసి ఆయన ఒక పూట భోజనం మానేశారు. మానెయ్యనీ.

మీ మరదలు

*

వదినా,

కాళ్ళు బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే మన్నించండి.

సగం దూరం బాగానే నడిచాను. ఆ పైన బజారు బూట్లు కరిచాయి. మడమ బొబ్బ చితికి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఇంకేముంది, గొడుగుతో మీ తమ్ముడు ప్రత్యక్షం.

"నేను ఇంటికి రాను" అని అరిచాను.

"రమ్మన్నానా?" అంటూ సంచిలోంచి కొత్త బూట్ల జత తీశారు. తొడిగితే ఎక్కడా ఒత్తలేదు.

"కొలత ఎప్పుడు తీశారు?"

"ఆస్పత్రిలో నువ్వు నిద్రపోయినప్పుడల్లా. ఆ మందులకి నీ పాదాలు వారానికోలా ఉబ్బేవి. పాత అచ్చుకి తోలు ముక్కలు అంటించడం, గీకడం, మళ్ళీ అంటించడం. బల్ల కిందే పెట్టుకున్నా. ఇవాళ పొద్దున్నకి గానీ జత పూర్తవలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీదే కడిగేశాను. "ఖాళీ అర చూసి నేనేమనుకుంటానో తెలీదా? ఒక్క మాట చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

ఆయన బిత్తరపోయారు. ఆ పద్ధతి సంగతే ఆయనకు తట్టలేదట.

"నువ్వు పోతావనుకుంటే కదా, అది గుర్తొచ్చేది" అన్నారు, లేసులు కడుతూ.

ఏడ్చాను వదినా. ఏడుస్తూనే మిగతా సగం నడిచాను, ఆయన వెనకాల సణుగుతూనే ఉన్నారు. చివరి గీత దాటానో లేదో "కుడి మడమ వదులైంది, తియ్యి" అని నేల మీద చతికిలబడి బూటు ఊడదీశారు. అందరికీ పతకం ఎత్తి పట్టుకున్న ఫోటోలు వచ్చాయి. నాది ఒంటికాలి మీద, ఆయన బట్టతల పట్టుకుని.

అతుకులతో సహా అచ్చు మళ్ళీ అరలోకెక్కింది. ఈ మనిషిని చిన్నప్పుడు మీరే ఎత్తుకు పెంచారట. అప్పుడే కాస్త మాట్లాడటం నేర్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?

బొబ్బల కాళ్ళతో,
మీ మరదలు